కొట్టులో ఎండ తగలని సగం

ఆ వేసవిలో మా బావ నన్ను హంతకుడన్నాడు. ఇంట్లో, నాలుగు గోడల మధ్య అని ఉంటే సర్దుకుపోయేవాణ్ణి. కొట్టు మెట్ల మీద నిలబడి, వీధి వీధంతా వినేలా అన్నాడు. మాది గుండీల కొట్టు. గుండీలమ్ముకునేవాడికి గుండె జబ్బేమిటని అంతకుముందు నేనొక జోకు వేసి ఉన్నాను. అది ఆయనకు నచ్చలేదు. మా బావకు నా జోకులేవీ నచ్చవు. నాకు మా బావే నచ్చడు. ఇద్దరికీ నచ్చే మనిషి ఒక్కతే, మా అక్క. ఆవిడకి మేమిద్దరమూ నచ్చం.

మా నాన్న అక్కకీ నాకూ వదిలిన కొట్టుని ఎండలు ముదరకముందే బావా నేనూ పంచుకున్నాం. కొట్టన్నాక కొట్టుకోవడం మామూలే గానీ, మా కొట్లాట జిప్పుల దగ్గర వచ్చింది. మా నాన్న కూర్చున్న గల్లాపెట్టె పక్కన జిప్పులు వేలాడదీస్తానన్నాడు బావ. గుండీల కొట్లో జిప్పులు వేలాడితే నేను ఉరేసుకు వేలాడతానన్నాను. “తాడు ఇమ్మంటావా, జిప్పు ఇమ్మంటావా?” అన్నాడాయన. ఆ తర్వాత ఇంకేం కలిసుంటాం? పైగా ఆయనకి జిప్పూ జబ్బూ ఒకే నెలలో తగులుకున్నాయి. నాలుగడుగులు వేగంగా వేస్తే ఛాతీ పట్టేసేది, కూర్చుంటే వదిలేది. గుండెకి చాలినంత రక్తం అందక వచ్చే నొప్పి, యాంజైనా అని తేల్చింది డాక్టరమ్మ. వాటాలు వేసే రోజున ఆ మాట బావకి బాగా పనికొచ్చింది.

“గుండె మనిషిని. నాకు గాలీ వెలుతురూ కావాలి,” అని ఛాతీ మీద చెయ్యేసుకుని వీధి వైపు సగం పట్టేశాడు.

వీధి వైపు అంటే అద్దాలున్న వైపు. వచ్చినవాళ్ళు మొదట కాలు పెట్టే వైపు. నాకు మిగిలింది వెనక సగం. కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తే తప్ప నల్ల గుండీకీ నీలం గుండీకీ తేడా తెలియదు. మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. నా దగ్గరికి రావాలంటే గోడ చివర వదిలిన సన్నటి సందులోంచి, మా బావ ముక్కు కిందుగా రావాలి. ఆ ముక్కు చిన్నదేం కాదు.

“వెనక ఏమీ దొరకదమ్మా, చీకటి. ఎలకలుంటాయి,” అని వచ్చినవాళ్ళని ఆపేసేవాడు.

“పెద్ద ఎలక ముందు వైపే ఉందమ్మా! జాగ్రత్తగా దాటుకుని రండి!” అని నేను లోపల్నుంచి కేకేసేవాణ్ణి.

కొట్టు రెండైనా పద్ధతి ఒకటే, మా నాన్న పెట్టింది. ఏ సరుకొచ్చినా దాని అట్టపెట్టె చింపి పారేస్తాం. సరుకంతా అటూ ఇటూ కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో పోస్తాం. ఆ డబ్బా ముఖాన ఒక గుండీని గమ్ముతో అంటిస్తాం. ఇక పేరు రాయక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు. లోపల ఏముందో గుండీయే చెబుతుంది. మా ఇంట్లో సూదులూ, పిన్నులూ, చివరికి అక్క పోపుల సరంజామా కూడా ఇలాగే ఉంటాయి. ఆవాల డబ్బా ముఖాన ఒక ఆవగింజ అంటించి ఉంటుంది. అది చూడ్డానికి కళ్ళజోడు కావాలి, అది వేరే సంగతి.

నొప్పి వచ్చినప్పుడు నాలిక కింద పెట్టుకోమని డాక్టరమ్మ చిన్న ముదురు రంగు గాజు సీసాలో మాత్రలిచ్చింది. కూర్చుని పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే కళ్ళు తిరిగి పడతారు, నమలకండి, మింగకండి, కరగనివ్వండి అంది. బావ అన్నిటికీ తలూపాడు. సీసాని ఎలా దాచాలో చెప్పబోతే మాత్రం చెయ్యెత్తి ఆపేశాడట.

“సరుకు దాచడం నాకు నేర్పకండి డాక్టరమ్మా. మా పనే అది.”

ఈ ముక్క మా అక్క ఇంటికొచ్చి గర్వంగా చెప్పింది.

ఆ మాత్రల్లో ఉండే మందూ, కొండల్ని పేల్చే మందూ ఒకటేనని నేనెక్కడో చదివాను. చదివింది కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు. మా కొట్టుకి రోజూ వచ్చే దర్జీ ఒకాయన ఉన్నాడు. మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది, పైగా విన్నదంతా వినిపించేస్తాడు కాబట్టి ఆయన్ని అందరూ టేపు అనే పిలుస్తారు. ఆయనతో ప్లైవుడ్ గోడకి అవతల వినిపించేంత గట్టిగా చెప్పాను.

“టేపూ, మా బావకి కాస్త దూరంగా ఉండు. నాలిక కింద డైనమైటు పెట్టుకుంటున్నాడు. తుమ్మాడంటే వీధి లేచిపోతుంది.”

టేపు పగలబడి నవ్వాడు. అవతల చప్పుడు లేదు. నా జోకుకి నవ్వు రాకపోవడం అలవాటే, తిట్టు కూడా రాకపోవడం ఏమిటా అని తొంగిచూశాను. బావ సీసా మూత తీసి, మాత్రలన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఒంపుతున్నాడు. ఒకటి తీసి డబ్బా ముఖాన గమ్ముతో అంటించాడు. ఖాళీ సీసా చెత్తబుట్టలో పడేశాడు. డబ్బాని అద్దం పక్కన, తెల్లచొక్కా గుండీలకీ కోటు గుండీలకీ మధ్య, తన కుర్చీకి సరిగ్గా ఎదురుగా పెట్టాడు.

“వాడి కన్ను నా మందు మీద పడింది. ఇప్పుడు ఎవడు ఏం కలుపుతాడో చూస్తాను,” అన్నాడు అద్దంతో.

మొదట్లో బాగానే ఉంది. నొప్పొస్తే కూర్చునేవాడు, డబ్బాలోంచి ఒకటి తీసి నాలిక కింద పెట్టుకునేవాడు, “అబ్బా, కణతలు పేలిపోతున్నాయి” అని విసుక్కునేవాడు, నొప్పి దిగేది, లేచి మళ్ళీ నన్ను తిట్టేవాడు. మందు పనిచేస్తోందనడానికి ఆ తిట్టే గుర్తు నాకు.

ఎండలు ముదిరాయి. వీధి వైపు అద్దాలు పెనంలా కాలేవి. ప్లాస్టిక్ డబ్బాల మూతలు వంకర్లు తిరిగాయి. బావ కూర్చునే సేపు పెరిగింది, తిట్లు తగ్గాయి. ఒకరోజు పొద్దున్నే మెట్ల మీదికొచ్చి మొదలుపెట్టాడు.

“మార్చేశాడు! నా మాత్రలు తీసేసి సుద్దముక్కలు పోశాడు! ఇదివరకు పెట్టుకుంటే తల దిమ్మెక్కేది, ఇప్పుడు గోడ నాకినట్టుంది! వాటా మొత్తం కొట్టేద్దామని నన్ను చంపుతున్నాడు! హంతకుడు!”

టేపు సహా వీధిలో ఉన్న కుట్టుపనివాళ్ళందరూ సూదులాపి చూశారు.

“నా దగ్గరున్నవి గుండీలు బావా,” అన్నాను లోపల్నుంచి. “అందులో పోసింది నేనే అయితే వాటికి రంధ్రాలుంటాయి. చూసుకో!”

జనం నవ్వారు. నేనే గెలిచాననుకున్నాను. ఆయనకి అనుమానం, నాకు అవమానం, మధ్యలో వీధికి వినోదం.

కొట్టు పైన మేడలోనే మా అందరి ఇల్లు. వంట ఒకటే, తినేవాళ్ళం ఇద్దరం, ముఖాలు చూసుకోం. పెళ్ళీపెటాకులూ లేని నాకు కూడా అక్కే వండుతుంది. ఆ రోజు నుంచి నేను వంటింటి గడప తొక్కితే బావ కంచం ముట్టడం మానేశాడు. ముందు అక్కని తినమనేవాడు. ఆవిడ ఓపిక పట్టినన్నాళ్ళు పట్టి, ఒక మధ్యాహ్నం గరిటె నేలకేసి కొట్టింది.

“వండేది నేను, వడ్డించేది నేను. మిమ్మల్ని చంపాలంటే నాకున్న వీలు వాడికెక్కడిది? తినండి, లేదా మానండి!”

తిన్నాడు. కానీ నమ్మలేదు.

అక్క నా సగంలోకి వచ్చి, స్టూలు మీద కూర్చుంది. లైటు వెయ్యబోతే వద్దంది.

“ఒరేయ్, నిజం చెప్పు. ఆ డబ్బా ముట్టుకున్నావా?”

వీధంతా హంతకుడంటే నాకు నవ్వొచ్చింది. అక్క అడిగితే రాలేదు.

“నువ్వూ అడుగుతున్నావా అక్కా?”

“అడుగుతున్నాను. ఆయనకి మెట్లెక్కితే నొప్పి, స్నానం చేస్తే నొప్పి. మాత్ర పెట్టుకున్నా దిగట్లేదు. ఏదో అయింది దానికి. నువ్వు కాకపోతే ఎవరు?”

“ముట్టుకోలేదు.”

“అయితే లే. డాక్టరు దగ్గరికి పోదాం. నువ్వు కాదని ఆవిడైనా చెప్పాలి నాకు.”

నేను హంతకుణ్ణి కాననే సర్టిఫికెట్టు కోసం డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాను. ఆవిడ నావైపు చూడలేదు. అక్కని అడిగింది.

“సీసా ఎక్కడ పెట్టారు?”

“సీసా లేదమ్మా. మంచి డబ్బాలో పోశాం, అటూ ఇటూ కనబడేది. ఎండ బాగా పడే చోటే పెట్టాం, వెలుతుర్లో ఎన్నున్నాయో తెలుస్తాయని. ముందు ఒకటి అంటించాం కూడా.”

“ఏం అంటించారు?”

“మాత్రండీ. శాంపిలు.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కాసేపు మా ఇద్దర్నీ ఒకే చూపులో ఇరికించి చూసింది.

“అమ్మా, ఆ మందు గాలికీ ఎండకీ వేడికీ పోతుంది. ప్లాస్టిక్ కూడా దాన్ని పీల్చేస్తుంది. ముదురు గాజు సీసాలో, బిగుతు మూతతో ఇచ్చింది అందానికి కాదు. మీ డబ్బాలో మాత్రలున్నాయి గానీ మందు లేదు. ఎవరూ మార్చక్కర్లేదు, అద్దం పక్కన పెట్టినవాళ్ళే మార్చారు.”

అక్క నావైపు తిరగలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంది.

“నొప్పి ఇంత తరచుగా వస్తోందంటే ఆయన్ని ఇవాళే తీసుకురండి,” అని కొత్త చీటీ రాసింది డాక్టరమ్మ. “సీసా చల్లగా, పొడిగా, చీకటిగా ఉన్న చోట పెట్టండి. మాత్రలు దాంట్లోంచి తీసి ఇంకెందులోనూ పొయ్యొద్దు. నొప్పొస్తే కూర్చోబెట్టి ఒకటి. అయిదు నిమిషాల్లో దిగకపోతే అంబులెన్సుని పిలిచి, ఇంకొకటి. రోజూ వేసుకునే మిగతా మాత్రలు ఒక్కసారిగా మానెయ్యనివ్వకండి. ఇంకో సంగతి, మొగవాళ్ళు పడకగది కోసం వేసుకునే మాత్రలేమైనా వాడతారా? అవీ ఇవీ కలిస్తే రక్తపోటు పడిపోయి మనిషి దక్కడు.”

“ఆయన ధ్యాసంతా అమ్మే జిప్పుల మీదే అమ్మా,” అంది అక్క.

నేను పైకప్పు ఫ్యాన్ని శ్రద్ధగా పరిశీలించాను.

బావ రానన్నాడు. కొత్త సీసా ముట్టుకోనన్నాడు.

“దార్లో ఎవడి చేతిలో ఉంది?”

“నా చేతిలో.”

“మందుల కొట్లో?”

“ఒక్క నిమిషం వాడు పట్టుకున్నాడు, నేను సంచీ తెరిచేదాకా.”

“చాలు! తీసుకుపో. నా డబ్బా నా కళ్ళముందుంది. దాన్ని ఎవడూ తాకలేడు.”

“తాకలేకపోతే మా తమ్ముణ్ణి హంతకుడని ఎందుకన్నారు?”

“తాకాడు కాబట్టే పనిచెయ్యట్లేదు. కళ్ళముందుంది కాబట్టి ఇక తాకలేడు.”

మా బావ వాదం గుండ్రంగా ఉంటుంది, గుండీలాగే. మధ్యలో రంధ్రాలు కూడా ఉంటాయి.

“ఎండకి పోయాయండీ, డాక్టరమ్మ చెప్పింది.”

“డాక్టరమ్మకి చెప్పిందెవరు? నీ తమ్ముడు!”

అక్క వాదన వదిలేసింది. సీసా పట్టుకుని ఇల్లంతా తిరిగింది. మేడ మీద వంటిల్లు కొలిమి. పడకగది పైకప్పు రేకు. స్నానాలగది తడి. ముందు వైపు అద్దాలు. చివరికి నా సగంలోకొచ్చి, కోటు గుండీల సొరుగు తెరిచి, వెనక మూలకి నెట్టింది.

“ఇంట్లో ఎండ తగలనిది ఇదొక్కటే.”

“అక్కా, నా సొరుగులో పెడితే హత్యాయుధం దొరికిందంటాడు.”

“అననీ,” అంది. “దొరికితే చాలు.”

బడులు తెరిచే ముందు మాకు చేతినిండా పని. ఊళ్ళో పిల్లలందరి చొక్కాలకీ తెల్ల గుండీలు కావాలి. ఆ మధ్యాహ్నం టేపు పెద్ద సంచీతో వచ్చాడు. బావ ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాడు. నేను సందులోంచి వచ్చి ఎడమచెయ్యి పట్టుకున్నాను.

“నాలుగు రంధ్రాలవి నా దగ్గరున్నాయి టేపూ, దారం తెగదు!”

“వాడి దగ్గరున్నవి చీకట్లో పసుపెక్కాయి! ఇవి చూడు, ఎండలో మెరుస్తున్నాయి!”

“ఎండలో మెరిసినవన్నీ పనిచెయ్యవు బావా. నీ మాత్రల్నడుగు!”

“నా చేతులు నాకు కావాలండీ, కుట్టుకునేవాణ్ణి,” అని మొత్తుకున్నాడు టేపు.

బావకి నా మాట తగిలింది. స్టూలెక్కి, పై అర మీది బరువైన పెట్టె లాగబోయాడు. సగం లాగి ఆగిపోయాడు. పెట్టె వదిలేసి, అరని పట్టుకుని, మెల్లగా దిగాడు. కుడిచెయ్యి ఛాతీ మధ్యలోకి వెళ్ళింది. ముఖం పాత చొక్కా కాలరు రంగుకి తిరిగింది.

“కూర్చో బావా.”

“నువ్వు చెప్పకు.”

నిలబడే డబ్బాలోంచి ఒకటి తీసి నాలిక కింద పెట్టుకున్నాడు. గోడని ఆనుకుని ఎదురుచూశాడు. ఇంకొకటి పెట్టుకున్నాడు. నుదుటి మీద చెమట గుండీలంత బొట్లు కట్టింది. నేను డబ్బా ముఖం చూశాను. అంటించిన మాత్ర ఎప్పుడో పొడై రాలిపోయింది. గమ్ము మరకలో తెల్లటి గీతొక్కటి మిగిలింది. బావ కూడా దాన్నే చూస్తున్నాడు. మా కొట్లో డబ్బా ముఖాన ఏముందో లోపలా అదే ఉంటుందని ఆయనకి నాకంటే బాగా తెలుసు.

టేపు సంచీ పారేసి మెట్ల దగ్గరికి పరిగెత్తి, “అక్కగారూ!” అని కేకపెట్టాడు. మేడ మీద నుంచి అక్క అంబులెన్సుకి ఫోన్ చేస్తూ వీధి పేరు రెండుసార్లు చెప్పడం వినబడింది.

నేను సొరుగులోంచి సీసా తెచ్చాను. బావ అప్పటికి ప్లైవుడ్ గోడకి వీపు జార్చి నేల మీద కూలబడ్డాడు.

“సీలు,” అన్నాడు.

“ఉంది.”

“వెలుతుర్లోకి పెట్టు.”

పెట్టాను. తిప్పమన్నట్టు వేలు కదిలించాడు. తిప్పాను. కొత్త సరుకు దింపుకునేటప్పుడు గుండీ అంచు చూసినట్టే, ఊపిరి అందకపోయినా చుట్టూతా చూశాడు. చెయ్యి చాపాడు. వేళ్ళు మూత మీద జారిపోయాయి, ఒకసారి, ఇంకోసారి. సీసా నా చేతిలో పెట్టాడు.

సీలు విప్పాను. ఒక మాత్ర నా అరచేతిలోకి వచ్చింది, కాలరు గుండీలో సగం కూడా లేదు. బావ నా ముఖంలోకి చూశాడు. ప్లైవుడ్ లేచాక అంత దగ్గర్నుంచి చూసుకోవడం అదే. తర్వాత నోరు తెరిచి, నాలుక పైకెత్తాడు.

వేసవంతా నన్ను తిట్టిన నాలుక. దాని కింద మాత్ర పెట్టాను.

“మింగకు.”

మాట్లాడలేడు కదా అని ఎన్ని అనొచ్చు! ఎన్నో దాచిపెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. అక్క వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుని గడియారం చూస్తోంది. టేపు గుమ్మంలో నిలబడి, మెడలో టేపు రెండు చేతులా పట్టుకున్నాడు. కాసేపటికి బావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“కణతలు,” అన్నాడు. “పేలిపోతున్నాయి వెధవా.”

“అది మందు. నేను కాదు,” అన్నాను.

అక్క ఏడవడం అప్పుడు మొదలుపెట్టింది.

నొప్పి సగమే దిగింది. అయిదు నిమిషాలు కాగానే అక్క చెయ్యి చాపింది, నేను రెండోది ఇచ్చాను. అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు మీద ముందు వైపు నుంచే తీసుకెళ్ళారు. ఇంకాస్త ఆలస్యమైతే గుండెపోటయ్యేదని చెప్పి ఆసుపత్రిలో మూసుకుపోయిన నాళాన్ని తెరిచారు. చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన మంచం పక్క బల్ల మీద ఎవరో మాత్రలు పేపరు కప్పులో పోసి పెడితే నర్సుని పిలిచి గొడవపెట్టుకున్నాడని అక్క చెప్పింది. “సీసాలోంచి నా ఎదురుగా తియ్యి” అన్నాడట.

వానలు పడేసరికి ఇంటికొచ్చాడు. హంతకుడన్న మాట వెనక్కి తీసుకుంటాడేమో, లేదా థాంక్స్ అంటాడేమో అని అక్క రెండ్రోజులు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. మూడోరోజు ఆయన నా సగంలోకి వచ్చాడు. లైటు ఆర్పేశాడు. గోడ మీద చెయ్యి పెట్టి చల్లదనం చూశాడు. సొరుగు లాగి అడుగున వేలితో రాసి, తడి లేదని వేలు చూసుకున్నాడు. సీసా వెనక మూలలో పెట్టాడు.

“నీ మీద నమ్మకం కాదు,” అన్నాడు. “నీ వైపు ఎండ రాదు. అంతే.”

“నా వాటా దరిద్రం నీకిలా పనికొచ్చిందన్నమాట.”

“ప్రతిసారీ సందులోంచి తిరిగొచ్చి నిన్నడుక్కోను.”

అని రంపం తెచ్చాడు. బరువు పనులు వద్దని అక్క అరిస్తే రంపం నాకిచ్చి, ఎక్కడ కొయ్యాలో గోడ మీద సుద్దతో గీశాడు. నా సొరుగుకి సూటిగా, ఒక చెయ్యి పట్టేంత, నిలువుగా. చొక్కాకి గుండీ కోసం తీసినట్టే మా ప్లైవుడ్ గోడకి నేను స్వయంగా కాజా తీశాను. అంచులు గరుగ్గా ఉన్నాయని, వంకరగా వచ్చిందని, దీనికంటే టేపు నయమని అవతల్నుంచి తిడుతూనే ఉన్నాడు. సొరుగు ముఖాన ఏదో ఒకటి అంటించాలి కదా. మాత్ర అంటించే వీల్లేదు. తడిమితే తెలిసేలా కొట్లో అన్నిటికంటే పెద్ద కోటు గుండీ ఒకటి అంటించాడు.

జిప్పులు ముందు వైపు వేలాడుతూనే ఉన్నాయి. వెనక ఎలకలున్నాయని వచ్చినవాళ్ళకి చెబుతూనే ఉన్నాడు. బయటికి వెళ్ళినప్పుడు సీసాని ఒంటి వేడి తగిలే జేబులో కాకుండా గుడ్డసంచీలో పెట్టుకుని వెళ్తాడు. వచ్చాక మళ్ళీ నా సొరుగులోనే.

రోజూ కొట్టు తెరవగానే ఆ కాజాలోంచి ఒక చెయ్యి వస్తుంది. పెద్ద గుండీని తడుముతుంది, సొరుగు లాగుతుంది, సీసాని పట్టుకుని మూత బిగించి చూస్తుంది.

“తాకావా?” అంటుంది అవతలి గొంతు.

“లేదు,” అంటాను.

చెయ్యి సీసాని అక్కడే వదిలి వెళ్ళిపోతుంది.